చేపల చెరువులో దొరికిన విగ్రహం: ఎప్పటిది, ఎవరిది

కోనసీమలో వైనతేయ పాయకు దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో వరిచేను చేపల చెరువుగా మార్చడానికి పొక్లెయిన్ పెట్టి తవ్వుతుంటే, మనిషి లోతు దాటాక తల లేని రాతి విగ్రహం ఒకటి బకెట్‌లోకి వచ్చింది. కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకున్న విగ్రహం. ఇంకాస్త కిందికి వెళ్తే పెద్ద పెద్ద ఇటికెలు తేలాయి. డ్రైవర్ తీసిన వీడియో సాయంత్రానికే చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగింది. రాత్రికి రాత్రి కొందరు విగ్రహాన్ని ట్రాక్టర్ ఎక్కించి రామాలయం పక్కన రావిచెట్టు కిందికి చేర్చి, పసుపు రాసి బొట్లు పెట్టారు. పొద్దున్నే ఇంకో పేట కుర్రాళ్ళు వచ్చి అది బుద్ధుడి విగ్రహమని, తమకు అప్పగించాలని చెట్టు ముందు బైఠాయించారు. మధ్యాహ్నానికి పోలీసు పికెట్ పడింది.

డెల్టాలో పాత రాళ్ళు దొరకడం కొత్త కాదు. వరిచేలు చెరువులవుతున్నకొద్దీ, రోడ్లు వెడల్పవుతున్నకొద్దీ రాళ్ళు, ఇటికెలు, కుండపెంకులు పైకి వస్తూనే ఉన్నాయి. కొత్తగా వచ్చింది తగాదా. దొరికిన వస్తువు ఒంటి మీద తడి ఆరకముందే అది ఏ మతానిది, ఎవరు పగలగొట్టారు, ఎవరికి దక్కాలి అన్న తీర్పులు ఫోన్లలో వచ్చేస్తున్నాయి. శిల్పాలనూ శాసనాలనూ పరిశీలించి నివేదికలు రాయడం నా వృత్తి. ఇలాంటి చోట మాలాంటివాళ్ళు ఏ పని ముందు చేయాలి, ఏ మాట ఎవరి ముందు చెప్పాలి, ఏది కాగితం మీద పెట్టకూడదు అన్నవి ఈ కేసులో ఎదురైనంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా ఎదురుకాలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించి విలువున్నది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు దాటిన శిల్పాన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది. పురావస్తు తవ్వకం లైసెన్సు లేకుండా ఎవరూ చేయకూడదు. కాబట్టి తహసీల్దారు గారు నన్ను పిలిచింది తవ్వడానికి కాదు. శాఖ నుంచి బృందం వచ్చేలోగా ప్రాథమిక నివేదిక ఇమ్మన్నారు. పొక్లెయిన్ కోసిన గోడను చూసి, కొలిచి, గీసి, ఫోటోలు తీయడం వరకే నా పని. ఒక్క గడ్డపార దెబ్బ కూడా నేను వేయలేదు.

ముందు గొయ్యి

ఊళ్ళో కారు దిగగానే అందరూ చెట్టు దగ్గరికి రమ్మన్నారు. రెండు వర్గాలకూ కావలసింది ఒకటే: ఆ విగ్రహం ఎవరిదో నేను జనం ముందు నోటితో చెప్పాలి. నేను ముందు గోతి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. కొందరికి కోపం వచ్చింది. పికెట్‌లో ఉన్న ఎస్సై గారు కూడా, "ఏదో ఒకటి చెప్పేయండి సార్, టెన్షన్ తగ్గుతుంది" అన్నారు.

విగ్రహం ఎక్కడికీ పోదు. రాయి కనుక రేపు చూసినా, వచ్చే ఏడు చూసినా అలాగే ఉంటుంది. గొయ్యి అలా కాదు. డెల్టాలో మనిషి లోతు తవ్వితే నీళ్ళు ఊరుతాయి. నీళ్ళు తోడే ఇంజను ఆపితే గంటల్లో గోడలు నానుతాయి, తెల్లారేసరికి జారి కూలిపోతాయి. ఆ గోడలో ఉన్న పొరలే ఈ రాయి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పగలిగిన సాక్ష్యం. అది పోతే మిగిలేది ఎవరి వాదన వాళ్ళది. ఇలాంటి పిలుపు వచ్చిన ప్రతి సహోద్యోగికీ నేను చెప్పేది ఇదే: జనం ఎంత తొందరపెట్టినా ముందు గోతిలోకి దిగండి.

చేను యజమాని ఇంజను ఆపకుండా నడిపించాడు. ఆయన సాయం లేకపోతే ఈ కేసే లేదు. లీజు డబ్బు అడ్వాన్సుగా తీసుకుని, పొక్లెయిన్‌కు గంటల లెక్కన కడుతూ, పని ఆగిపోయి కూర్చున్న మనిషి ఆయన. అందరూ విగ్రహం గురించే మాట్లాడారు గాని ఆయన నష్టం సంగతి అధికారుల్లో ఎవరూ ఎత్తలేదు. దొరికిన వస్తువు గురించి చెబితే పని ఆగిపోతుందన్న భయంతోనే డెల్టాలో ఎన్నో రాళ్ళు రాత్రిపూట మళ్ళీ గట్టు కిందికి పోతున్నాయి. ఈ భయం పోగొట్టకుండా చట్టం ఉందని ఎంత చెప్పినా లాభం లేదు.

గోడలో పైన జానెడు దుక్కి మట్టి. దాని కింద లేత పసుపు రంగు పూడిక మట్టి, పక్కనున్న పంటకాలువలో తీసి పోసింది. 1847–52 మధ్య ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన తర్వాత ఈ ప్రాంతమంతా కాలువలు విస్తరించాయి. వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీసి గట్టున పోయడం అప్పటినుంచీ ఉన్నదే. ఆ పూడిక కింద జారిపోయిన గట్టు ఒకటి స్పష్టంగా కనబడింది: జిగట బంకమన్ను, కుళ్ళిన కొబ్బరి మొద్దులు, బెంగుళూరు పెంకుల ముక్కలు, సోడాబుడ్డి గాజు, ఒక ప్లాస్టిక్ చెప్పు అట్ట. విగ్రహం పడి ఉన్నది ఈ పొరలో. బకెట్ పళ్ళు గీసిన చారల మధ్య, ఆ బంకమన్నులో విగ్రహం రెండు మోకాళ్ళ అచ్చు, వాటి మధ్య చేతుల గుంట ఇంకా చెదరకుండా ఉన్నాయి. అంటే అది బోర్లా పడి ఉంది.

దాని కింద మోకాలి లోతుకు మించి ఒండ్రు. అందులో కుండపెంకు కూడా లేదు. ఆ ఒండ్రు కింద ఇటికెలు. రెండు వరుసలే బయటపడ్డాయి. ఒక్కో ఇటికె పొడవు ఇంచుమించు 45 సెంటీమీటర్లు, వెడల్పు 23, మందం 7. విరిగిన చోట ఊక కాలిన గుర్తులు ఉన్నాయి. ఇటికె కొలతనూ దాని చుట్టూ ఉన్న ఎర్రని నునుపు పెంకులనూ బట్టి శాతవాహనుల చివరి కాలానికో, ఆ తర్వాతి రెండు మూడు శతాబ్దాలకో చెందిన కట్టడం కావచ్చు.

కేసు మొత్తానికి ఇది కీలకం. విగ్రహం, ఇటికెలు ఒకే గోతిలో దొరికాయి కనుక రెండూ ఒకే గుడివని, ఆ గుడిని కూల్చారని అప్పటికే ఊరంతా నమ్మేసింది. మట్టి అలా చెప్పడం లేదు. ఇటికెల కట్టడం మూతపడి, నది దాని మీద ఒండ్రు పరిచి, మళ్ళీ జనం తిరిగి, గట్టు పడి, ఆ గట్టు జారి, అప్పుడు వచ్చింది ఈ రాయి. రెంటికీ మధ్య కొన్ని వందల ఏళ్ళు ఉన్నాయి.

టార్చి వెలుగులో

చెట్టు దగ్గరికి చీకటి పడ్డాకే వెళ్ళాను. పగలు నెత్తి మీది ఎండలో శిల్పం చదునుగా కనబడుతుంది. రాత్రి టార్చిని పక్కనుంచి పట్టుకుంటే సన్నని గీతలు కూడా నీడతో పైకి తేలతాయి. పసుపు కడగమని నేను అడగలేదు. అప్పటికే అది కొందరికి దేవుడు.

రాయి ఖోండలైట్. ఎర్రని గార్నెట్ గింజలు టార్చి వెలుగుకు మెరిశాయి. ఇది తూర్పు కనుమల రాయి. కోనసీమలో రాయి పుట్టదు. నది తెచ్చిన మన్నూ ఇసుకే ఇక్కడి నేలంతా. ఇక్కడున్న ప్రతి గుడి రాయీ, ప్రతి రేవు మెట్టూ ఎగువనుంచి పడవ మీదో బండి మీదో వచ్చినవే. అందుకే డెల్టాలో రాయిని ఎవరూ పారేయలేదు. గుడి పడిపోతే దాని రాయి ఇంకో గుడికి మెట్టయింది, బావికి ఒర అయింది, కాలువకు తూము అయింది. కొండ ప్రాంతంలో విగ్రహం దొరికితే దాని గుడి దగ్గర్లోనే ఉంటుందని అనుకోవచ్చు. ఇక్కడ అలా అనుకోవడానికి వీల్లేదు.

బుద్ధుడైతే ఛాతీ మీద, ఎడమ భుజం మీద చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం, అంచు గీత కనబడాలి. ఎంత వెతికినా లేదు, ఒళ్ళు వస్త్రం లేకుండా ఉంది. నడుముకు రెండు వైపులా వెనక పలక మీద మెలికలు తిరిగిన పాము చుట్లు ఉన్నాయి. పడగలు తలతో పాటే పోయాయి. మూడు గొడుగుల కాడ మొదలు మాత్రం పలక అంచున అంగుళం మేర మిగిలింది. ఇది జైనుల ఇరవై మూడో తీర్థంకరుడు పార్శ్వనాథుడు. శైలిని బట్టి క్రీ.శ. 10, 11 శతాబ్దాలు.

గోదావరి జిల్లాలకు జైనం పరాయిది కాదు. తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు, చామెకాంబ అనే స్త్రీ కోరికపై, సర్వలోకాశ్రయ జినభవనం కోసం అత్తిలి ప్రాంతంలోని కలుచుంబర్రు అనే ఊరిని దానమిచ్చిన రాగిరేకులు ఉన్నాయి. అదే రాజు శివాలయానికీ దానం ఇచ్చాడు. తాటిపాకలో, పిఠాపురంలో తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. పిఠాపురంలో వాటిని సన్యాసి దేవుళ్ళని కొలిచారు. జైనులు లేకుండా పోయాక కూడా ఊళ్ళు ఆ విగ్రహాలను వదిలేయలేదు.

పాలచెంబులతో వచ్చిన ఆడవాళ్ళు పాము చుట్లు చూసి సుబ్బారాయుడని అన్నారు. బిక్కవోలు సుబ్రహ్మణ్యేశ్వరుడికి షష్ఠికి వెళ్ళివచ్చే ఊరు ఇది, వాళ్ళకు అలా తోచడం సహజం. వాళ్ళలో ఒకావిడ అడిగింది, "పాము ఉందిగా బాబూ, కాదంటావా?" అని. పాము ఉందమ్మా, మీరు చూసింది నిజమే అన్నాను. ఆ రాత్రి అంతకు మించి ఒక్క మాట కూడా ఎవరితోనూ అనలేదు. చెట్టు కింద అర్ధరాత్రి నోటిమాటగా చెప్పిన దాన్ని పొద్దున్నకి పది రకాలుగా తిప్పుతారు. నా మాట రాతపూర్వకంగా, అన్ని వర్గాలూ ఒకేచోట ఉన్నప్పుడు చెబుతానని తహసీల్దారు గారికి ముందే చెప్పాను.

వీపు మీది నునుపు

విగ్రహం ముందు భాగం పదునుగా ఉంది, పాము పొలుసుల గీతలు కూడా అరగలేదు. వెనక పలక మాత్రం అద్దంలా నునుపుదేలింది. ఆ నునుపు మెడ విరిగిన చోటి అంచు మీదికి కూడా పాకి, అంచును గుండ్రంగా చేసింది. అంటే తల విరిగింది ముందు, వీపు అరిగింది తర్వాత. ఆ అరుగుదల ఒకటి రెండేళ్ళలో వచ్చేది కాదు. పలక మీద కుడి మూలన ఉలితో కొట్టిన ఏటవాలు గాడి ఉంది. దాని అడుగున తెల్లగా చవుడు పేరుకుని ఉంది.

కాలువకు అవతల పాత రేవు దగ్గర తరతరాలుగా బట్టలుతికిన కుటుంబాల ఇళ్ళున్నాయి. అక్కడ ఒక మామ్మగారితో మాట్లాడాను. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇల్లు కదలడం లేదు, విగ్రహాన్ని చూడలేదు, ఫోను వీడియోలో కూడా ముందు భాగమే ఉంది. పాత రేవులో బండ ఏదైనా ఉండేదా అని మాత్రం అడిగాను. ఆవిడ తడుముకోకుండా చెప్పింది.

"ఉండేదండి. మా అత్తగారు, ఆవిడ అత్తగారు అందరూ దాని మీదే ఉతికారు. కుడేపు మూల ఇలా గాడి ఉండేది. చవుడు నీళ్ళు అందులో నిలిచేవి. పెద్ద వరదకి గట్టు జారిపోయినప్పుడు బండ కూడా పోయింది."

అరచేతిని ఏటవాలుగా పెట్టి గాడి ఎలా ఉండేదో చూపించింది. విగ్రహం మీద ఉన్న గాడి సరిగ్గా అదే వాలు. పెద్ద వరద అంటే 1986 ఆగస్టుది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన నీరు వచ్చిన వరద, గోదావరి జిల్లాల్లో ఆ వయసు వాళ్ళెవరూ మరిచిపోనిది. జారిన గట్టులో దొరికిన పెంకులు, గాజు, ప్లాస్టిక్ అన్నీ దానికి సరిపోయాయి.

ఒక పురావస్తు పరిశీలకుడికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. రాయి మీది గుర్తు, మట్టి పొర, మనిషి జ్ఞాపకం మూడూ ఒకే మాట చెప్పాయి. ఎదుటివాళ్ళ నోట్లో మాట పెట్టకుండా, ఫోటో చూపించకుండా అడిగితేనే జ్ఞాపకానికి ఆధారం అన్న విలువ వస్తుంది. దీని గురించి మా రంగంలో తగినంత శ్రద్ధ లేదు.

కాని ఆ ఆధారాన్ని ఎలా రాయాలన్నది నన్ను బాగా వేధించింది. చెట్టు దగ్గర పసుపు రాసిన వాళ్ళకీ, బుద్ధుడని కూర్చున్న వాళ్ళకీ అది పవిత్రం. దాని మీద బట్టలు ఉతికారని తెలిస్తే కోపం ఎవరి మీదికి పోతుంది? రెండు వర్గాలకూ బలం ఉంది. రేవు దగ్గరున్న ఆ నాలుగిళ్ళకు లేదు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. బోర్లా ఉన్న పలకను తిరగేసి కింద ఏముందో చూడాలని ఎవరికి తోస్తుంది? అయినా తగాదా వేళ ఈ మాట ఎవరూ వినరు.

మామ్మగారి మనవడు డిగ్రీ చదువుతున్నాడు. అతనితోనూ ఆవిడతోనూ కూర్చుని, నాకు తెలిసినదంతా చెప్పి, ఎలా రాయమంటారని అడిగాను. ఆవిడ దాచాల్సిందేమీ లేదంది. మనవడు ఆలోచించి, "రేవు ఊరందరిదీ కదండీ. బండ రేవుదని రాయండి. మా పేటదని రాయకండి" అన్నాడు. అతను చెప్పింది వాస్తవం కూడా. ఊరంతా ఆ రేవులోనే స్నానాలు చేసింది, గొడ్లను కడిగింది, నీళ్ళు పట్టుకుంది. నివేదికలో 'ఊరి ఉమ్మడి రేవులో బండగా వాడారు' అని రాశాను. కులం పేరు, ఇంటి పేరు ఎక్కడా లేవు. నోట్సులో ఆవిడ చెప్పిన మాటలు పేరు లేకుండా ఉన్నాయి. ఇక్కడ ఊరి పేరు చెప్పకపోవడానికి కూడా కారణం ఇదే. చరిత్రకు పూర్తి వివరం కావాలి నిజమే. ఆ వివరం వల్ల దెబ్బతినేది అందులో అందరికంటే బలహీనులైతే, వాళ్ళను అడగకుండా రాసే హక్కు మనకు లేదు.

తహసీల్దారు ఆఫీసులో

శాంతి కమిటీ సమావేశానికి గుడి కమిటీ, బౌద్ధం తీసుకున్న కుటుంబాల తరఫు యువకులు, మసీదు పెద్ద ఒకరు, చేను యజమాని, పంచాయతీ వాళ్ళు వచ్చారు. పట్నం నుంచి ఇద్దరు జైన వ్యాపారులు కూడా వచ్చి, విగ్రహం ఇప్పిస్తే సొంత ఖర్చుతో మందిరం కట్టిస్తామని మర్యాదగా అడిగి కూర్చున్నారు.

నివేదిక చదివాను. పార్శ్వనాథుడని చెప్పగానే గది నిశ్శబ్దమైంది. తర్వాత రెండు వైపులా ఒకేసారి లేచారు. గుడి కమిటీలో ఒకాయన, రిటైరైన తెలుగు మాస్టారు, అసలు ప్రశ్న వేశారు. "విగ్రహం ఎవరిదైనా కానీండి. తల పగలగొట్టింది ఎవరు? అది రాయరేం?" చేతిలో విలస శాసనం మీద ఒక వ్యాసం జిరాక్సు ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడు 1323లో ఓడిపోయాక ఢిల్లీ సేనల కింద తెలుగు నేల పడిన బాధలను వర్ణిస్తూ, ప్రోలయ నాయకుడు కోనసీమలోని విలస అగ్రహారాన్ని దానమిస్తూ వేయించిన రాగిరేకులవి. రాజమండ్రి మసీదు మీద 1324 నాటి పర్షియన్ శాసనం ఉందన్నది కూడా మాస్టారికి తెలుసు. ఆయన చదువుకున్న మనిషి, రెచ్చగొట్టడానికి వచ్చినవాడు కాదు. మసీదు పెద్ద ఆ మాట వింటూ తల దించుకున్నారు.

నేను చెప్పింది ఇది. విలస శాసనంలోని బాధ అబద్ధమని నేను అనను. విగ్రహాలు విరిగాయని, అగ్రహారాలు లాక్కున్నారని అందులో ఉంది. ఒక రాజవంశం కూలిపోయినప్పుడు జనం పడిన అవస్థకు అది సాక్ష్యం. అదే సమయంలో అది కొత్తగా అధికారానికి వచ్చిన నాయకుడు తనను ధర్మోద్ధారకుడిగా నిలబెట్టుకుంటున్న ప్రశస్తి. రెండూ కలిపి చదవాలి. ఎలా చదివినా ఆ శాసనంలో ఈ రాయి ఊసు లేదు. జైన విగ్రహాలకే వస్తే, శైవం బలపడిన కాలంలో జైనులను గానుగల్లో వేయించారన్న కథలు కంపెనీ కాలంలో కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, ఉన్నాయి. దాన్ని పట్టుకుని తల పగలగొట్టింది శైవులని ఇంకొకరు రాయవచ్చు. అవీ సంఘటన జరిగిందన్న కాలానికి వందల ఏళ్ళ తర్వాత రాసుకున్నవే, వాటిలోనూ ఈ రాయి లేదు. గుడి పడిపోయినప్పుడు విరిగిందేమో, పడవలోకి ఎక్కించేటప్పుడు విరిగిందేమో. విరిగింది అరుగుదలకు ముందు అన్నంత వరకే మెడ చెబుతుంది. ఎవరి చెయ్యి అన్నది చెప్పదు. చెప్పని దాన్ని నేను సంతకం పెట్టి చెబితే, రేపు ఈ ఊళ్ళో ఎవరి ఇంటి మీదికో రాళ్ళు వెళ్తాయి.

మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించమని నేనే అడిగాను, రాశారు. మసీదు పెద్ద చివర్లో ఒక్కమాట అన్నారు. "ఊళ్ళో మావి పదో పన్నెండో ఇళ్ళండి. ఆ వీడియో వచ్చిన కాడి నుంచి మా పిల్లల్ని ట్యూషన్‌కి కూడా పంపట్లేదు."

మనవాళ్ళు పురావస్తు పరిశీలకుడిని జడ్జిలా చూడటానికి కారణం టీవీ. 2003లో కోర్టు ఉత్తర్వు మీద అయోధ్యలో తవ్వారు. 2023లో జ్ఞానవాపిలో సర్వే చేశారు. తవ్వితే తీర్పు వస్తుందన్న నమ్మకం ఊరూరా పాకింది. 2019 నవంబరులో అయోధ్య తీర్పులో సుప్రీంకోర్టు పురావస్తు నివేదికను లెక్కలోకి తీసుకుంటూనే, కేవలం దాని మీద భూమి హక్కును తేల్చలేమని స్పష్టంగా చెప్పిన సంగతి మాత్రం ఎవరూ గుర్తుంచుకోలేదు. ఆ మాట ఆ రోజు గదిలో చదివి వినిపించాను. పొర ఎప్పటిదో మేము చెప్పగలం. ఇప్పుడు అది ఎవరి దగ్గర ఉండాలన్నది బతికున్న మనుషులు, చట్టం తేల్చుకోవాలి. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, రెండో ప్రశ్నకు కూడా చెప్పినట్టు నటించే నివేదికలు మన దేశంలో చాలా చెరుపు చేశాయి.

యువకుల వాదన గురించి నా అభిప్రాయం వేరుగా చెప్పాలి. విగ్రహం బుద్ధుడిది కాదు, అది వాళ్ళకు నిరాశే. కాని వాళ్ళ అడుగున ఉన్న ఫిర్యాదు న్యాయమైంది. ఇదే కోనసీమలో ఆదుర్రులో బౌద్ధ స్థూపం ఉంది. ఊరివాళ్ళు ఎంతోకాలం దుబరాజు గుడి అని పిలిచిన దిబ్బ అది. 1950లలో కేంద్ర పురావస్తు శాఖ తవ్వి, రక్షిత కట్టడంగా ప్రకటించింది. డెల్టాలో బౌద్ధం గట్టిగానే ఉండేదని దానితోనే తెలుస్తుంది. అయినా బడి పుస్తకంలో గాని, ఊరి ఉత్సవంలో గాని ఆ గతం వాళ్ళకు కనబడదు. వాళ్ళలో ఒక అమ్మాయి అడిగింది, "విగ్రహం కాదు సరే. ఆ ఇటికెల సంగతేంటి? వాటి గురించి ఎవరూ మాట్లాడరేం?" ఆ రోజు గదిలో అడిగిన ప్రశ్నలన్నిటిలో అదే సరైన ప్రశ్న. స్థూపమైతే వరుసలు వంపు తిరగాలి. బయటపడిన కాస్త ముక్కలో వంపు ఉన్నదీ లేనిదీ తేలదు. భిక్షువులుండే విహారం గోడ కావచ్చు, ఇల్లు కావచ్చు, సరుకు కొట్టు కావచ్చు. తవ్వితేనే తెలుస్తుంది.

తర్వాత

కలెక్టర్ ఉత్తర్వు మీద విగ్రహం ప్రభుత్వ మ్యూజియం అదుపులోకి వెళ్ళింది. అలా వెళ్ళడం ఆ వారానికి అవసరమే గాని, అక్కడే ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. మ్యూజియం స్టోర్లో అంకె వేసి పెట్టిన రాయి ఎవరికీ ఏమీ చెప్పదు. ఊళ్ళో పంచాయతీ స్థలంలో షెడ్డు కట్టి, తాళం, సీసీ కెమెరా పెట్టి తిరిగి ఇవ్వాలని నివేదిక చివర సిఫారసు చేశాను. జైన వ్యాపారులు ఆ షెడ్డు ఖర్చు భరిస్తామన్నారు, పూజ హక్కు అడగమని రాసిచ్చారు. ఫైలు నడుస్తోంది.

ఈలోగా పంచాయతీ ఆఫీసు వరండాలో విగ్రహం ఫోటోతో బోర్డు పెట్టారు. దాని మీది మాటల కోసం జరిగిన బేరసారాలు సమావేశం కంటే ఎక్కువ సేపు సాగాయి. గుడి కమిటీ 'ప్రాచీన దేవాలయ అవశేషం' అనమంది, యువకులు 'బౌద్ధ క్షేత్రం' అనమన్నారు. చివరికి బోర్డు మీద ఉన్నది ఇది: "పార్శ్వనాథ తీర్థంకరుడు, క్రీ.శ. 10–11 శతాబ్దాలు. ఎగువ ప్రాంతపు రాయి. మొదట ఉన్న గుడి ఏదో తెలియదు. తల విరిగాక చాలాకాలం మన ఊరి రేవులో బండగా ఉండి, 1986 వరదలో గట్టుతో పాటు మునిగింది. దీని కింద వేరే పొరలో ఇంకా పాత ఇటికెల కట్టడం ఉంది, పరిశోధన జరగాలి." సుబ్బారాయుడని కొలిచే ఆడవాళ్ళు బోర్డు ముందే నాగులచవితికి దీపం పెట్టారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

చేను యజమాని ఇటికెలున్న మూలను తవ్వకుండా వదిలి, దాని మీద మెత్తని మట్టితో గట్టు వేశాడు. దానికి ఆయనకు పైసా పరిహారం రాలేదు. వేసవిలో చేపలు పట్టాక చెరువు ఎండగడతారు. లైసెన్సుతో ఒక చిన్న ట్రయల్ ట్రెంచ్ వేయడానికి అది ఒక్కటే సమయం, మళ్ళీ నీళ్ళు పెడితే ఇంకో ఏడాది ఆగాలి. ఆ ఇటికెల గురించి అడిగిన అమ్మాయి, ఆమె స్నేహితులు పంచాయతీ తీర్మానంతో దరఖాస్తు పంపారు. కింద గుడి కమిటీ కూడా సంతకం పెట్టింది, మాస్టారి సంతకంతో సహా. దరఖాస్తుతో పాటు గోతి గోడ డ్రాయింగు, ఇటికె కొలతలు, ఫోటోలు జతచేసి ఇచ్చాను. చేను యజమానికి ఆ మూల మేరకు నష్టపరిహారం ముందే మంజూరు చేయాలని కూడా అందులో రాశాం.